పాత గ్రేహౌండ్ చాంపియన్ల టైమింగులు: మన తిన్నని పరుగులతో పోల్చొచ్చా?

గుత్తి_కోట (అనంతపురం)

అందరికీ నమస్కారం. వాట్సాప్ గ్రూపుల్లో ఒక లెక్క తిరుగుతా ఉంది. 1929లో మిక్ ద మిల్లర్ అనే ఐరిష్ గ్రేహౌండ్ లండన్‌లో 525 గజాలు 29.82 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. మన వైపు చేలల్లో తోలే పరుగుల్లో ముధోల్ క్రాసులు (ముధోల్ వేటకుక్క కలిసిన సంకర జాతి) 300 మీటర్లు 18.5 సెకన్లలో లాగుతున్నాయి. కాబట్టి మన కుక్కలే మిక్ కంటే వడి అంటున్నారు. భాగహారం చేస్తే నిజమే అనిపిస్తుంది: మనది సెకనుకు 16.2 మీటర్లు, మిక్‌ది 16.1.

ఈ పోలిక నిలబడుతుందా? ఇంకోటి, ఆ కాలపు పేరుమోసిన కుక్కలు ఏవి, వాటి గొప్పతనం ఎందులో ఉంది? వాటిని తయారుచేసిన తీరులో మన ఎండలకు, మన నేలకు పనికొచ్చేది ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

నిలబడదు అన్నా. ఎక్కడెక్కడ తేడా వస్తుందో చూడండి.

మొదటిది దూరం. చేలో 300 మీటర్లు ఎవరు కొలిచినారు? బైకు మీటరు చూసి కొలిస్తే నూటికి ఐదు వంతుల తేడా సులువుగా వస్తుంది. 300 అనుకున్నది 285 అయితే, అదే 18.5 సెకన్లకు వేగం 15.4కు పడిపోతుంది. సర్వే గొలుసుతో గానీ, 50 మీటర్ల టేపుతో గానీ కొలిచి గూటాలు కొట్టాలి.

రెండోది గడియారం. గీత దగ్గర నిలబడినవాడు అంత దూరాన రుమాలు ఊపడం చూసి బటన్ నొక్కుతాడు. మొదలు చూసి నొక్కేటప్పుడు చెయ్యి ఆలస్యం అవుతుంది. చివర్లో కుక్క వస్తున్నది కనపడతా ఉంటుంది కాబట్టి ముందే నొక్కేస్తాడు. రెండూ కలిపి 0.3 సెకను పోతే ఆ వేగం దగ్గర దాదాపు 5 మీటర్లు.

మూడోది మొదలు. మిక్ రేసు మొదలుపెట్టే పెట్టెలోంచి, నిలబడిన చోటి నుంచి దూకింది. మన దగ్గర ఇద్దరు మనుషులు కుక్కను పట్టుకుని, అది ముందుకు గుంజుతుంటే రెండడుగులు పరిగెత్తించి వదులుతారు. అట్లా వదిలితే నిలబడి దూకే సమయం లెక్కలోకి రాదు.

అన్నిటికంటే పెద్దది నాలుగోది. మిక్ పరిగెత్తింది గుండ్రటి ట్రాక్ మీద, నాలుగు మలుపులు తిరుగుతూ, పక్కన వేరే కుక్కలు గుద్దుకుంటుండగా. తిన్నని బాట మీద ఒంటరిగా పోయే కుక్కతో దాన్ని పోల్చకూడదు.

పెన్నా_ఒడ్డు (కడప)

బురుజు అన్న చెప్పిన నాలుగో మాటకు మిక్ కథే రుజువు. బ్రిటన్‌లో బొమ్మ కుందేలు వెంట గుండ్రటి ట్రాక్ రేసు మొదలైంది 1926 జూలై 24న, మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో. ఆ మొదటి రేసు గెలిచిన కుక్క మిస్ట్లీ, 440 గజాలు 25 సెకన్లు. మిక్ 525 గజాలు 29.82. అదే మిక్ 1930లో వెస్ట్ హామ్‌లో సెసారెవిచ్ పోటీలో 600 గజాలు 34.01. మూడింటినీ సెకనుకు మీటర్లలోకి మార్చండి: 16.09, 16.10, 16.13. మామూలుగా దూరం పెరిగే కొద్దీ సగటు తగ్గాలి. మిక్ 160 గజాలు ఎక్కువ పరిగెత్తి కూడా మిస్ట్లీ సగటునే నిలబెట్టింది. వాట్సాప్ లెక్కలో ఇది కనపడదు.

ఇంక దాని వివరాలు. 1926లో ఐర్లండ్ ఆఫలీ కౌంటీలోని కిల్లీలో పుట్టింది. యజమాని అక్కడి చర్చి ఫాదర్ మార్టిన్ బ్రోఫీ. పిల్లగా ఉన్నప్పుడు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు తగిలి చావు దాకా పోయింది. డబ్లిన్ షెల్బోర్న్ పార్కులో ఆర్థర్ కాలనన్ దగ్గరుండి సాకి బతికించినాడు. 1929లో ఇంగ్లిష్ డెర్బీ అనే పెద్ద గ్రేహౌండ్ పోటీకి లండన్‌లోని వైట్ సిటీ స్టేడియానికి తీసుకొస్తే, ఫాదర్ దాన్ని 800 గినీలకు (గినీ అంటే పాత బ్రిటిష్ డబ్బు లెక్క) అల్బర్ట్ విలియమ్స్ అనే బుక్‌మేకర్‌కు, అంటే పందేలు కట్టించుకునేవాడికి, అమ్మినాడు. ఆ డెర్బీలోనే 29.82 వచ్చింది. 525 గజాలను 30 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి కుక్క అదే. తర్వాత 2000 గినీలకు చేతులు మారి, వింబుల్డన్‌లో సిడ్నీ ఆర్టన్ శిక్షణలోకి పోయింది. 1930లో మళ్ళీ డెర్బీ గెలిచింది. వరుసగా 19 గెలుపులు. 1931లో వెంబ్లీలో 700 గజాల సెయింట్ లెజర్ పోటీ కూడా గెలిచింది. 1939లో చనిపోయింది. ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో దాని కళేబరాన్ని భద్రపరిచి ఉంచినారు.

చూసినవాళ్ళందరూ చెప్పే మాట ఒకటే: పెట్టెలోంచి దూకడంలో అది అందరికంటే వడి కాదు. మలుపులో కుక్కలు ఒకదానిమీదొకటి పడేటప్పుడు రొంత వేగం తగ్గించి, సందు చూసి దూరేది.

లేపాక్షి_బసవడు (హిందూపురం)

మిక్ మూడు డెర్బీలు గెలిచిందని ఒక చోట చదివినా. 1929, 1930, 1931. ఏది నిజం?

పెన్నా_ఒడ్డు (కడప)

రెండే బసవన్నా. 1931 ఫైనల్లో గీత మొదట దాటింది మిక్కే. కానీ ముందున్న రైలండ్ ఆర్ అనే కుక్క దారిలో పక్క కుక్కతో తగవు పడిందని నిర్వాహకులు ఆ రేసును రద్దు చేసినారు. మళ్ళీ పెడితే సెల్డమ్ లెడ్ గెలిచింది. అప్పటికి మిక్‌కు దాదాపు ఐదేళ్ళు. ఒకే సాయంత్రం రెండుసార్లు పూర్తి దూరం పరిగెత్తే వయసు కాదు.

1929లో కూడా ఇట్లే అయ్యింది, కాకపోతే తారుమారుగా. మొదటి ఫైనల్లో కుక్కలు మలుపులో గుద్దుకున్నాయి, పాలాటినస్ ముందొచ్చింది, రేసు రద్దయింది. రెండోసారి మిక్ 29.96లో గెలిచింది. అందుకే రెండు రద్దులనూ కలిపి చూడాలి. ఒకటి దానికి కలిసొచ్చింది, ఒకటి చేటు చేసింది.

తుంగభద్ర (కర్నూలు)

ట్రాక్ రాకముందు మాట కూడా చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో గ్రేహౌండ్ గొప్పతనాన్ని కొలిచింది కోర్సింగ్, అంటే కుందేలు వెంట కుక్కల్ని తోలే పోటీ. లంకషైర్‌లోని ఆల్ట్‌కార్‌లో వాటర్లూ కప్ 1836 నుంచి 2005 దాకా జరిగింది. 64 కుక్కలు, జతలు జతలుగా. బతికున్న కుందేలును ముందు వదిలి, అది కొంత దూరం పోయినాక రెండు కుక్కలను ఒకేసారి విడిచేవాళ్ళు. గెలుపు కుందేలును పట్టడం మీద కాదు, పాయింట్ల మీద. ముందు కుందేలును చేరినందుకు, దాన్ని మలిపినందుకు, తోటి కుక్కను దాటినందుకు గుర్రం మీద ఉన్న న్యాయనిర్ణేత మార్కులు వేసేవాడు.

అందులో రెండు పేర్లు మరవకూడదు. ఐర్లండ్ వాటర్‌ఫర్డ్‌లో పుట్టిన మాస్టర్ మెగ్రాత్, లార్డ్ లర్గన్ కుక్క, 1868, 1869, 1871లలో కప్పు గెలిచింది. 37 పరుగుల్లో ఓడింది ఒక్కటే. ఆ ఓటమి 1870లో, గడ్డకట్టిన నేల మీద, మంచు పగిలి నీళ్ళలో పడి. బరువు 25 కిలోల లోపు, గ్రేహౌండుకు చిన్న ఒళ్ళు. ఆ తర్వాత ఫుల్లర్టన్. 1889లో ట్రఫెండ్‌తో కలిసి పంచుకుంది, రెండూ కర్నల్ నార్త్ కుక్కలే. 1890, 91, 92 ఒంటరిగా గెలిచింది.

ఇది చదివి ఎవరూ కుందేళ్ళ మీదికి కుక్కల్ని తోలకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన అడవి కుందేలును వేటాడటం నేరం. ఇంగ్లండ్, వేల్స్‌లో కూడా 2004 చట్టంతో దాన్ని ఆపేసినారు. మెగ్రాత్ గొప్పదే, ఆ పద్ధతి మాత్రం గొప్పది కాదు. దాని కింద ఎన్నో కుందేళ్ళు చీలిపోయినాయి.

గండికోట_లోయ (జమ్మలమడుగు)

తిన్నని బాట గురించి ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. 1876లో లండన్ దగ్గర హెండన్‌లో బొమ్మ కుందేలును పట్టాల మీద ఉంచి, చక్రం తిప్పి లాగి, 400 గజాల తిన్నని బాటలో గ్రేహౌండ్లను పరిగెత్తించినారు. మన వాళ్ళు ఇప్పుడు చేస్తున్నది అచ్చం అదే. అది నిలబడలేదు. కారణం తేలికైనదే: తిన్నని బాటలో వడిగా ఉన్న కుక్క మొదటి 50 గజాల్లో ముందుకు పోతుంది, చివరిదాకా అదే ముందు. రెండు పరుగులు చూసినాక మూడో దాంట్లో ఏమవుతుందో జనానికి ముందే తెలిసిపోతుంది.

తర్వాత అమెరికాలో ఓవెన్ పాట్రిక్ స్మిత్ 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో బొమ్మ కుందేలుతో గుండ్రటి ట్రాక్ నడిపినాడు. మలుపు వచ్చినాకే తెలివి, ఒడుపు, ఓర్పు లెక్కలోకి వచ్చినాయి. మిక్ లాంటి కుక్క చాంపియన్ కావడానికి ఆ మలుపే కారణం. హెండన్ బాటలో పెట్టి ఉంటే దాని పేరు మనకు తెలిసేది కాదేమో.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

గండికోట తమ్ముడు చెప్పింది బంగారం లాంటి మాట. దానికి 1980ల నుంచి ఉదాహరణ ఇస్తా. బాలీరీగన్ బాబ్ అనే కుక్క, ఇంగ్లండ్‌లోని హోవ్ ట్రాక్‌లో జార్జ్ కర్టిస్ శిక్షణ. నాలుగు మలుపుల రేసులు కాదు, ఎక్కువగా ఆరు మలుపుల దూరాలు. 1986 డిసెంబరు 9న వరుసగా 32వ గెలుపుతో అమెరికా కుక్క జో డంప్ పెట్టిన 31 రికార్డును దాటింది. అంతకుముందు బ్రిటన్‌లో మిక్ 19ని 1974లో వెస్ట్‌పార్క్ మస్టర్డ్ 20తో దాటింది. మిక్ రికార్డు దాటడానికి 40 ఏళ్ళ పైన పట్టింది చూడండి.

అదే కాలంలో ఇంకో కుక్క, స్కర్లోగ్ చాంప్. పెట్టె తెరవగానే వెనకబడేది. సగం దూరం దాకా చివర్లోనే. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నే దాటుకుంటా వచ్చేది. దాన్ని 300 మీటర్ల తిన్నని బాటలో పెడితే కడపటి స్థానం. ఎనిమిది మలుపుల మారథాన్ దూరంలో పెడితే ట్రాక్ రికార్డు.

మీ కుక్క ఏ రకమో తెలియాలంటే సెక్షనల్ టైమ్, అంటే ముక్కలు ముక్కలుగా టైము తీయాలి. 300 మీటర్లకు 100, 200, 300 దగ్గర ముగ్గురు మనుషుల్ని నిలబెట్టండి. ముగ్గురూ ఒకే సైగకు వాచీ మొదలుపెట్టి, ఎవరి గూటం దగ్గర కుక్క ముక్కు దాటితే వాళ్ళు ఆపాలి. ఉదాహరణకు 6.9, 12.9, 19.2 వచ్చినాయనుకోండి. మొదటి వంద 6.9, రెండో వంద 6.0, మూడో వంద 6.3. అంటే చివర్లో తగ్గింది 0.3 మాత్రమే, దీనికి దమ్ముంది. అదే మూడో వంద 6.9కి పోతే అది 200 మీటర్ల కుక్క. దాన్ని 300కు తోలి తోలి కండ చింపొద్దు.

డెర్బీ పేర్లు అడిగినారు కాబట్టి: ఇంగ్లిష్ డెర్బీని రెండుసార్లు గెలిచినవి మిక్, పాట్రీషియాస్ హోప్ (1972, 73), ర్యాపిడ్ రేంజర్ (2000, 01), వెస్ట్‌మెడ్ హాక్ (2005, 06). ఇంగ్లిష్, స్కాటిష్, వెల్ష్ డెర్బీలు మూడూ ఒకే ఏడాదిలో గెలిచిన మొదటిది ట్రెవ్స్ పర్ఫెక్షన్, 1947. ఐరిష్ డెర్బీని వరుసగా మూడుసార్లు గెలిచింది స్పానిష్ బాటిల్‌షిప్, 1953 నుంచి 55 దాకా.

గుత్తి_కోట (అనంతపురం)

అన్నా, వెస్ట్‌మెడ్ హాక్ 2006 ఫైనల్ 480 మీటర్లు 28.44 అని ఉంది. 525 గజాలంటే 480 మీటర్లే గదా. అంటే మిక్ కంటే 1.38 సెకన్లు తక్కువ. ఇదైనా పోల్చొచ్చా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

బ్రిటన్‌లో ఒక కుక్క నిడివిని 0.08 సెకనుగా లెక్కేస్తారు. ఆ లెక్కన 17 నిడివుల తేడా. అయినా నేరుగా పోల్చకూడదు. మిక్ పరిగెత్తింది వైట్ సిటీ పచ్చిక మీద, హాక్ పరిగెత్తింది వింబుల్డన్ ఇసుక మీద. మలుపు వంపు వేరు, మలుపులో నేల లోపలికి వాలి ఉండే వాటం వేరు. అక్కడ ఒకే ట్రాక్ మీద రెండు రాత్రుల టైములు పోల్చడానికి కూడా ఆ రాత్రి నేల ఎంత నెమ్మదిగా ఉందో లెక్కగట్టి కొంత కలపడమో తీయడమో చేస్తారు. నలభై గెలుపుల కుక్క కూడా తడి ఇసుకలో అర సెకను పోగొట్టుకుంటుంది.

రాయదుర్గం_బండ (అనంతపురం)

లూర్ (కుక్క వెంటాడే బొమ్మ కుందేలు) లాగే యంత్రం గురించి చెప్తా, శానామంది తప్పుగా కడుతున్నారు.

పాత 100 సీసీ బైకు చాలు. సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, స్టాండుకు రెండు వైపులా మేకులు కొట్టి నేలకు బిగించాలి. వెనక టైరు, ట్యూబు తీసేసి రిమ్మునే డ్రమ్ముగా వాడాలి. 18 అంగుళాల రిమ్ము చుట్టుకొలత సుమారు 1.44 మీటర్లు. సెకనుకు 16 మీటర్లు లాగాలంటే రిమ్ము సెకనుకు 11 చుట్లు తిరగాలి, అంటే నిమిషానికి దాదాపు 670. స్పీడోమీటరు చూస్తే పని జరగదు, ఆ బైకుల్లో అది ముందు చక్రానికి ఉంటుంది. ఖాళీ లూర్ కట్టి 100 మీటర్లు 6 సెకన్లలో లాగేలా యాక్సిలరేటర్ మీద గుర్తు పెట్టుకోవాలి.

తప్పు జరిగేది తాడు దగ్గర. 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 300 మీటర్లు చుడితే రిమ్ము మీద దాదాపు 5 సెంటీమీటర్ల మందం పేరుకుంటుంది. డ్రమ్ము వ్యాసం ఐదో వంతు పెరుగుతుంది. యాక్సిలరేటర్ కదపకపోయినా చివర్లో లూర్ ఐదో వంతు వడిగా పోతుంది. కుక్కకు అందకుండా పోయి, అది వెంటాడటం మానేస్తుంది. జనం కుక్కకు దమ్ము లేదనుకుంటారు. 2 మిల్లీమీటర్ల తాడు వాడితే మందం రెండు సెంటీమీటర్ల చిల్లరే, వేగం పెరిగేది పదో వంతు లోపు. అప్పుడు కూడా చివరి వంద మీటర్లకు చెయ్యి రొంత సడలించాలి. రిమ్ముకు రెండు పక్కలా ప్లైవుడ్ బిళ్ళలు బిగించకపోతే తాడు జారి చైన్‌లో పడుతుంది.

లూరుకు తెల్ల ప్లాస్టిక్ సంచులు నాలుగైదు కట్టండి. కుక్కకు 10 నుంచి 15 మీటర్ల ముందుంచండి. తాడు పోయే దారికి ఐదు మీటర్ల లోపు మనిషి గానీ, పసిపిల్లగాడు గానీ ఉండకూడదు. ఆ వేగంలో తాడు కాలికి తగిలితే ఎముక దాకా కోస్తుంది. తాడు తీసేటప్పుడు తోలు గ్లౌజులు, ఇంజన్ ఆపే స్విచ్ ఎప్పుడూ బొటనవేలు కింద.

పరుగు అయినాక లూరును ఒక రెండు మూడు సెకన్లు నోటికి అందనివ్వండి. ఎప్పటికీ దొరకని దాని వెంట కుక్క ఎన్నాళ్ళు పోతుంది? రెండు కుక్కల్ని కలిపి తోలితే మాత్రం మూతికి చిక్కం తప్పనిసరి.

వేరుశనగ_చేను (ధర్మవరం)

నేల సంగతి నేను చెప్తా. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది. నెర్రెలో ముందు కాలు పడితే ఎముక రెండు ముక్కలు. మన అనంతపురం ఎర్ర గరుసు నేల గట్టిగా ఉన్నప్పుడు అరికాళ్ళ మెత్తలు చీల్చేస్తుంది. అన్నిటికంటే మేలు వేరుశనగ పెరికిన చేను, రెండుసార్లు గుంటక తోలి, పైన రెండు మూడు అంగుళాలు పొడిగా, కింద గట్టిగా ఉండేలా చేసుకున్నది. ముందు రోజు సాయంత్రం రొంత నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. తోలే ముందు నలుగురు వరసగా నడిచి పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు, సీసా పెంకులు ఏరాలి.

గీత దాటినాక ఇంకా 70, 80 మీటర్లు అదే నేల ఉండాలి. గట్టు, కంప, రాళ్ళ కుప్ప అడ్డమొస్తే కుక్క అంత వేగంలోంచి ఒక్కసారిగా ఆగుతుంది. భుజం పట్టేసేది, లోపలి తొడ కండ చిరిగేది ఎక్కువగా అక్కడే.

పశువుల_ఆసుపత్రి_అరుగు (ప్రొద్దుటూరు)

పశువైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. ఇవి గ్రేహౌండుకు, గ్రేహౌండ్ క్రాసులకు.

మాస్టర్ మెగ్రాత్ చనిపోయినాక కోసి చూస్తే గుండె మామూలు కంటే బాగా పెద్దదిగా ఉందని చెప్తారు. ఈ జాతికి అది రోగం కాదు, పుట్టుక. బరువుతో పోల్చితే గ్రేహౌండ్ గుండె మిగతా కుక్కల కంటే పెద్దది, ఎర్ర కణాలు ఎక్కువ. రక్త పరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 55, 60 కనపడితే ఒంట్లో నీళ్ళు తగ్గినాయని కంగారుపడి సెలైన్ ఎక్కించేస్తారు. ఆ జాతికి అది మామూలు అంకె. ప్లేట్‌లెట్లు దీనికి తిరుగుడు, సహజంగానే తక్కువ. లక్ష చిల్లర కనపడినా ఆరోగ్యంగా ఉండొచ్చు. అయితే మన దగ్గర పిడుదుల జ్వరం విపరీతం, దాంట్లో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చకూడదు. జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం ఉంటే ఎర్లికియా (పిడుదుల జ్వరం తెచ్చే క్రిమి) పరీక్ష చేయించాలి. కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి రక్తం తీయించి ఆ కాగితం దాచుకుంటే తర్వాత పోల్చడానికి ఉంటుంది.

మత్తు ఇచ్చేటప్పుడు ఇది గ్రేహౌండ్ అని డాక్టరుకు ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం కొన్ని మందుల్ని నెమ్మదిగా విరుస్తుంది. థయోపెంటాల్ అనే మత్తుమందు ఇస్తే గంటల తరబడి లేవదు.

ఇంక ఎండ. పరుగు అయ్యేసరికి ఒంటి వేడి 41 డిగ్రీలు దాటడం మామూలే. 15, 20 నిమిషాల్లో అది దిగాలి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు పోసి గాలి తగలనిస్తే తొందరగా దిగుతుంది. పొట్ట, తొడల లోపల, అరికాళ్ళు తడపాలి. తడి గోనెసంచి కప్పి వదిలేయడం తప్పు, లోపల ఆవిరి పట్టి వేడి నిలిచిపోతుంది. తాగడానికి కొంచెం కొంచెం. కుక్క తూలినా, వాంతి చేసినా, చిగుళ్ళు ఇటుక రంగులోకి వచ్చినా తడుపుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పరుగు తర్వాత మూత్రం కాఫీ రంగులో వస్తే కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీద పడుతున్నట్టు. రేపు చూద్దాం అనుకుంటే కుక్క దక్కదు.

మార్చి నుంచి జూన్ దాకా తెల్లారక ముందే తోలాలి. పొద్దున ఏడు తర్వాత వద్దు.

లేపాక్షి_బసవడు (హిందూపురం)

డాక్టర్ గారూ, గుండ్రటి ట్రాక్ కుక్కలకు కుడి వెనక కాలు విరుగుతుందని విన్నా. మన తిన్నని బాటకు ఆ భయం లేదా?

పశువుల_ఆసుపత్రి_అరుగు (ప్రొద్దుటూరు)

ట్రాక్‌లో అన్నీ ఎడమ చేతి వైపు తిరుగుతాయి కాబట్టి కుడి వెనక మడమ మీద బరువు పడి, అక్కడి చిన్న ఎముక చిట్లుతుంది. తిన్నని బాటలో అది తక్కువే. ఇక్కడ ఎక్కువ చూసేది కండ చిరగడం, వేలు తప్పడం. గోళ్ళు పెరగనిస్తే వేలు తప్పుతుంది, పది రోజులకొకసారి కత్తిరించండి. మెడ పట్టా నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు తోలుది కట్టండి. ఈ జాతికి తల కంటే మెడ లావు, సన్న పట్టా జారిపోతుంది, గుంజితే గొంతు కోస్తుంది.

మిక్ డిస్టెంపర్ నుంచి బతకడం అదృష్టం, అప్పటికి దానికి వ్యాక్సిన్ మార్కెట్లో లేదు. ఇప్పుడు ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటిది, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు దాటేదాకా. రేబిస్ మూడు నెలలకు. చాంపియన్ పిల్ల అని వేలు పోసి తెచ్చి సూదికి వెనకాడేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

వేరుశనగ_చేను (ధర్మవరం)

తిండి లెక్క కూడా పెడితే బాగుంటుంది. 28 కిలోల కుక్క, వారానికి రెండు పరుగులు.

రాయదుర్గం_బండ (అనంతపురం)

28 కిలోల పని చేసే కుక్కకు రోజుకు సుమారు 1700 నుంచి 1900 కిలోకేలరీలు కావాలి. మన దగ్గర దొరికేవాటితో: ఎముక లేని కోడి మాంసం అర కిలో, 200 గ్రాముల రాగిపిండి బాగా ఉడికించిన సంగటి, రెండు ఉడికిన గుడ్లు, ఒక చెంచా నూనె. ఇది సుమారు 1500 నుంచి 1700 దాకా వస్తుంది. మిగతాది కుక్క బరువు చూసి పెంచుకోవాలి. రాగిలో కాల్షియం ఉన్నా, ఎముక లేని మాంసం అంత పెట్టేటప్పుడు అది చాలదు, కాల్షియం డాక్టరును అడిగి కలపాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, ఉడికించిన ఎముక వద్దు. పరుగుకు నాలుగైదు గంటల ముందు నుంచి తిండి ఆపాలి, పరుగు అయినాక గంట ఆగి పెట్టాలి. లోతైన రొమ్మున్న జాతి, నిండు కడుపుతో ఎగిరితే కడుపు మెలిక పడుతుంది.

బ్రిటన్ ట్రాకుల్లో కుక్క బరువు గత రేసు కంటే ఒక కిలో దాటి తేడా వస్తే ఆ రోజు పరిగెత్తనివ్వరు. మనం కూడా అదే పట్టుకుంటే మేలు. వారానికొకసారి ఒకే పూట, ఖాళీ కడుపుతో తూయండి.

వయసు: పదిహేను నెలలు నిండేదాకా పూర్తి దూరం వద్దు. మొదటి రెండు వారాలు రోజూ మూడు నాలుగు కిలోమీటర్ల నడక. తర్వాతి రెండు వారాలు వారానికి రెండుసార్లు 100 నుంచి 150 మీటర్లు. ఆపైన రెండు వారాలు 200, 250. ఏడో వారంలో 300 ఒక్కసారి. పూర్తి పరుగు తర్వాత రెండు మూడు రోజులు నడక మాత్రమే.

తుంగభద్ర (కర్నూలు)

ఒక్క మాట. డబ్బు కాసే పరుగుల వివరాలు ఈ చర్చలో పెట్టకండి. 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ (జూదం) చట్టం, 1960 జంతు హింస నివారణ చట్టం రెండూ ఉన్నాయి. పందెం వచ్చిన చోట కుంటే కుక్కకు సూది పొడిచి తోలడం కూడా వస్తుంది.

గుత్తి_కోట (అనంతపురం)

అందరికీ శానా థ్యాంక్స్. వాట్సాప్ లెక్క కింద ఏం రాయాలో తెలిసింది. ఆఖరుగా, మన పరుగుల నోటుపుస్తకంలో ఏమేమి రాసుకుంటే తర్వాత పోల్చడానికి పనికొస్తుంది?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తేదీ, గంట, ఆ పూట ఉష్ణోగ్రత. టేపుతో కొలిచిన దూరం. నేల పొడా, తడా, గుంటక ఎన్నాళ్ళ కింద తోలినారు. కుక్క బరువు, వయసు. మొదలు ఎట్లా: పట్టుకుని వదిలినారా, పెట్టెలోంచా. 100, 200, 300 టైములు. ఒక్కో గూటం దగ్గర మూడు వాచీలు పెట్టి మధ్యలో వచ్చిన అంకె రాయండి, సగటు కాదు. ఒకడి చెయ్యి జారితే సగటు చెడిపోతుంది, మధ్య అంకె చెడదు. పక్కన లూర్ ఎంత ముందు ఉందో కూడా రాయండి. పరుగు అయిన పది నిమిషాలకు, ఇరవై నిమిషాలకు ఒంటి వేడి. ఆ కుక్కను ఆ కుక్కతోనే, అదే చేలో, అదే తీరు మొదలుతో పోల్చండి. మిక్ అంకె పక్కన మాత్రం "పచ్చిక, నాలుగు మలుపులు, పెట్టె" అని మూడు మాటలు తప్పకుండా చేర్చండి.